కడిగితే తెల్లబడిన కథానాయకుడు

బేతంచెర్లలో ఏసురాజు తప్పెట మోగితే బనగానపల్లె తోటల్లో పచ్చి మామిడికాయలు రాలిపోయేవట. అది కోత. మహా అయితే రెండు రాలి ఉంటాయి. కానీ ఆ తప్పెట వెంట వచ్చే మాట ఏనాడూ అబద్ధం కాలేదన్నది మాత్రం కోత కాదు. ఒకసారి కొనఊపిరితో ఉన్న ఆసామి చావును ముందే చాటమన్నారట. ఏసురాజు ఆయన వాకిట్లోనే కూర్చుని, ప్రాణం పోయాకే లేచాడట. తండ్రి అతనికి ఇచ్చిపోయిన ఆస్తి ఆ మాట నిలకడ ఒక్కటే.

పందొమ్మిదివందల యాభై ఆరులోనో, ఏడులోనో, ఎండాకాలంలో డేరా సినిమా యజమాని మద్దిలేటి రెడ్డి అతన్ని పిలిపించాడు. ఏదో నవలను సినిమాగా తీశారు. కథానాయకుడు తప్పెట కొట్టే మాదిగవాడు. ఆ సంగతి తెలిసి ఊళ్లో పెద్ద కులాలవాళ్లు మొహం తిప్పుకున్నారు. బెంచీలు ఖాళీగా పడి ఉన్నాయి.

"మావోళ్లు వచ్చేట్టు లేరు. మీ పల్లెనన్నా తోలుకొచ్చి నేల నింపురా," అన్నాడు రెడ్డి.

ఏసురాజుకు చదువు రాదు గానీ ఆ నవల తెలుసు. మిషన్ బడి పంతులు గాబ్రియేలు అరుగు మీద కూర్చుని అంతా చదివి వినిపించాడు. అందులో తప్పెటోడు ఊరి బావిలో నీళ్లు చేదుతాడు. ఆ కథలోని రెడ్డి ముందు తల వంచడు. జైలుకు పోయి, తిరిగి తన గుడిసెకే వస్తాడు.

అందుకే పల్లెవాళ్లు రాళ్లు మోసే గనుల దగ్గర తప్పెట కొట్టి మరీ చాటాడు. "మనోని కతప్పా. కడదాకా మనోడే. నా మాట మీద రాండి."

వచ్చారు. నాపరాళ్లు మోసిన దుమ్ము ఒంటి మీద ఉండగానే పిల్లాజెల్లాతో వచ్చి నేలంతా కూర్చున్నారు.

తెర మీద కథానాయకుడు కనిపించగానే ఏసురాజు భార్య రాహేలమ్మ గొణిగింది. "వాని మొగానికి పొయ్యి మసి పూసినారు. చెవులెనక మర్చిపోయినారు చూడు."

"ఊరుకోమే. కత చూడు."

బావి ఘట్టం వచ్చింది. వాడు నీళ్లు చేదలేదు. రెడ్డి కాళ్ల మీద పడి అడుక్కున్నాడు. చివర్లో ఒక ముసలమ్మ పరుగెత్తుకొచ్చి, వీడు తిరునాళ్లలో తప్పిపోయిన రెడ్డిగారి కొడుకని చెప్పింది. వాడు ఏట్లో మునిగి లేచాడు. మసి పోయింది. పచ్చగా నిగనిగలాడుతూ పట్టుపంచె కట్టి పెద్దింటి పిల్లను పెళ్లాడాడు.

ముందు కూర్చున్న ముసలాయన వెనక్కి తిరిగాడు. "ఏమప్పా ఏసురాజూ, కడదాకా మనోడే అంటివే. నీళ్లకు పోయే నలుపా మనది?"

నేలంతా నవ్వింది. ఆ నవ్వు సినిమా మీద కాదు, అతని మాట మీద.

తెల్లారి రెడ్డికి చెప్పకుండా నడిబజారులో నిలబడ్డాడు. "నిన్న నేను చాటింది అబద్ధం. పుస్తకంలో ఉండేటోడు బొమ్మలో లేడు. వాణ్ణి తీసేసి, రెడ్డిగారి కొడుక్కు మసి పూసి పెట్టినారు. ఎవరూ పోవద్దండి."

సాయంత్రం ఖాళీ డేరా చూసి కడుపు చల్లబరచుకుందామని పోయాడు. నేల ఖాళీయే. బెంచీలు మాత్రం కిటకిటలాడుతున్నాయి. నిన్నటిదాకా మొహం తిప్పుకున్నవాళ్లంతా ఉతికిన పంచెలతో వచ్చారు. "మనోడేనంట కదా," అని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు.

రెడ్డి నవ్వుతూ ఎదురొచ్చాడు. "పొద్దున నీ ఎముకలు ఇరగ్గొట్టాలనుకుంటిరా. ఇంత తెలివి యాడిది నీకు? రేపు కూడా ఇదే చాటు. డేరా డోను ఊరికి పోయినా ఇదే చాటు."

"చాటను."

"ఏం, అబద్ధమా?"

"నిజమే రెడ్డిగారా. మావోళ్లు మోసపోగూడదని చెప్పినా. మీవోళ్లు మురిసేదానికి కాదు."

"తప్పెట వదిలి రాళ్లు మోస్తావేమిరా?"

"మోస్తా. మీ కొడుక్కు మసి పూసి తప్పెట ఇయ్యండి. ఆట అయినాక కడుక్కుంటాడు."

రెడ్డి అతని చెంప పగలగొట్టాడు. ఏసురాజు చెయ్యి చెంప మీదికి పోలేదు. ఖాళీ నేల మీదుగా, బెంచీలవాళ్లందరూ చూస్తుండగా, నింపాదిగా నడిచి బయటికి పోయాడు.

మరునాడు గనిలో చేరాడు. డేరా ఊరు వదిలేదాకా బేతంచెర్లలో తప్పెట మోగలేదు. రెడ్డి బావమరిది కిరసనాయిలు డబ్బా వాయించుకుంటూ తిరిగాడు.