పత్తి గదిలో వాన పాఠం

ఇదివరకు పొద్దున ఏడింటికి మా ఇంట్లో నుంచి ముచ్చట బయలుదేరేది. మా ఆయన పేరు శ్రీశైలం. ఆయన మోటారు బండి నడిపేవాడు, వెనక కూర్చుని మా బిడ్డ మల్లిక నిన్నటి పాఠం చెప్పేది. మర్రిగూడలో దేవరకొండ బస్సు ఎక్కేదాకా చెప్పేది. ఆయనకు సంతకం మించి చదువు లేదు. అయినా ప్రతి మాటకూ "ఊఁ" అనేవాడు. కథ చెప్పేవాళ్లకు ఎవరో ఒకరు ఊఁ కొట్టాలని వాళ్లమ్మ నేర్పిందట. ఆయన పోయి మూడు నెలలైంది. ఇప్పుడు ఆ దారిన నేనూ మల్లికా నడిచి పోతున్నాం. ఇద్దరం మాట్లాడుకోం.

మల్లిక చిన్నప్పుడు మేకలకు ఎక్కాలు చెప్పేది. డిగ్రీలో స్టాటిస్టిక్స్ తీసుకుంటే, "గదేం సదువే?" అని మా ఆడబిడ్డ బిక్షమ్మ అడిగింది.

"వాన ఎట్ల మోసం జేస్తదో లెక్కగట్టే సదువు అత్తా."

"మీ బాపుకు ముందే జెప్పకపోయినవ్. రెండుసార్లు ఇత్తనం పెట్టిండు!"

దసరా సెలవులయ్యాక కాలేజీలో నిషాత్ మేడం ఒక పని పెట్టింది. పరీక్ష కాగితం బదులు, ఫోన్ తెర మీద లెక్క చేస్తూ, నోటితో వివరిస్తూ వీడియో తీసి పంపాలి. స్క్రీన్‌కాస్ట్ అంటారట. దానికే మార్కులు. మల్లిక పంపినదాన్ని మేడం వెనక్కి తిప్పి, నాకు ఫోన్ చేసింది.

"అమ్మా, మల్లికకు లెక్క వచ్చని నాకెరుకే. గానీ పుస్తకం సూసి సదివినట్టుంది. తెల్సినట్టు వినబడాలె గదా. శనివారం దాక ఆగుతా."

మల్లిక పుస్తకాల సంచి మూలకు పెట్టింది. "నాతోని గాదమ్మా. కాలేజ్ బంద్ జేస్త. నీతోని పత్తేరనీకి వస్త."

ఆయనైతే ఏదో ఒకటి అని నవ్వించేవాడు.

అయినా శుక్రవారం మధ్యాహ్నం ఆమె పత్తి గదిలోకి పోయింది. మాకున్న రెండు గదుల్లో ఒకటి పత్తికే. ఏరిన పత్తి అమ్మేదాకా కిటికీ ఎత్తున పోసి ఉంటుంది. అక్కడ ట్రాక్టర్ల చప్పుడు, కోళ్ల గోల వినబడవు. మాట కూడా మెత్తబడుతుంది. నడుం దాకా పత్తిలో కూరుకుని ఫోన్ పట్టుకుంది. నేను గడపలో నిలబడ్డాను. తెర మీద నిలువుగా నీలం కమ్ములు, ఏడాదికొకటి చొప్పున పదేళ్ల వానలట.

"ఈ యేడు వాన సగటు మంచిగనే ఉంది..." అని ఆగింది. మళ్లీ మొదటి నుంచి. మళ్లీ అక్కడే ఆగింది. మూడోసారికి నాకు అర్థమైంది. ఆమె మరిచిపోవడం లేదు, ఎదురుచూస్తోంది.

"ఊఁ" అన్నాను.

మల్లిక ఉలిక్కిపడింది. తలెత్తలేదు. "గానీ గా వానంత రెండు దినాలల్లనే పడ్డది."

"ఊఁ."

"మిగిలినయన్ని ఎండలే. సగటు సూస్తె ఈ గదిల పత్తి కప్పు దాక రావాలె. కిటికీ దాటలే."

"మరి సగటు అబద్ధమా?" అని అడిగేశాను.

ఆమె నవ్వింది. మూడు నెలలకు. "అబద్ధం గాదమ్మా. ఒక్క ముచ్చట జెప్పి, తక్కినయి దాస్తది. గందుకే ఏ వారం ఎంత పడ్డదో ఇడివిడిగ సూడాలె."

కమ్ములు విడిపోయి సన్నటి గీతలై తెరంతా కురిశాయి. కిటికీ ఎండలో దూది పోగులు తేలుతున్నాయి. బండి మీద, గాలికి ఎదురుగా, ఆ గొంతు వింటూ పోతున్నది నేనే అనిపించింది. ఎంతసేపు పోయానో తెలియదు.

పంపేశాక మల్లిక తల పట్టుకుంది. "ఇంకొకరి గొంతు ఉండొద్దన్నరమ్మా. మొత్తం నీ ఊఁలే!"

మర్నాడు మేడం ఫోన్ చేసింది. "ఊఁ అన్నది ఎవరు?"

"నేనే మేడం. తప్పయింది. పోరికి మార్కులు కొయ్యకుండ్రి."

"సగటు అబద్ధమా అని అడిగింది గూడ మీరేనా? నేను అడగాల్సింది మీరే అడిగిండ్రు. జవాబు మల్లికది, మార్కులు మల్లికవే. రెండో పాఠం సోమవారం కల్లా పంపమనుండ్రి."

పక్కనే చెవి ఒగ్గి విన్న మల్లిక, "నువ్వు గూడ పాసైనవ్ పో!" అంటూ మూలనున్న సంచి తీసుకుని పత్తి గదిలోకి పోయింది.

ఆ సాయంత్రమే పత్తిని గోనె బోరాల్లో తొక్కి నింపాలి. ఆదివారం పత్తి కొనుక్కుపోయే బండి వస్తుంది. సాయానికి వచ్చిన బిక్షమ్మ కొంగు నడుముకు చుట్టింది.

"ఏంది వదినా, గట్లనే నిలబడ్డవ్? పొద్దుగూకుతాంది."

"బండిని వచ్చే వారం రమ్మను," అన్నాను.

"ఎందుకే?"

రెండో పాఠం అయ్యేదాకా పత్తి కదలొద్దంటే నవ్వుతుందని చెప్పలేదు. ఖాళీ బోరాలు అరుగు మీదే వదిలేసి, లోపలికి పోయి తలుపు దగ్గరేసి, మల్లికకు ఎదురుగా పత్తిలో కూర్చున్నాను.