మందుల కిటికీలోంచి పిలిచిన పేరు

మా ఆయన కాంపౌండరు. ఈ వీధిలో ఎవరూ ఆయన్ని పేరు పెట్టి పిలవరు, దూది బాబాయ్ అంటారు. చేతిలో దూది ఉండ లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు మరి. స్పిరిటులో ముంచిన దూదితో ఆయన తుడవని వస్తువు మా ఇంట్లో లేదు. తలుపు గడియలు, కళ్ళజోళ్ళు, ఫోన్లు, ఆఖరికి పెళ్ళయిన కొత్తలో నా చెవి కమ్మలు కూడా. "నన్ను కూడా ఓసారి తుడిచి సీసాలో పెట్టుకోండి" అన్నాను ఒకరోజు. ఆయన నవ్వలేదు. ఆలోచించదగ్గ మాటే అన్నట్టు చూశారు.

దూది తరవాత ఆయన ప్రాణం జాజ్ రికార్డులు. వాటి తరవాత నేను వస్తానో లేక ఇంకేదైనా ఉందో నేనడగలేదు, ఆయన చెప్పలేదు.

ఆదివారం డాక్టరుగారు రారు. ఆ రోజు మధ్యాహ్నం రోగులు కూర్చునే గదిని మా ఆయనకి వదిలేశారు, పుణ్యాత్ముడు. రికార్డు ప్లేయరు లోపల మందుల గదిలో ఉంటుంది, దుమ్ము పడకుండా. స్పీకర్లు బయట బల్లల పక్కన. మా ఆయన మందులిచ్చే కిటికీ వెనక నిలబడి, మామూలు రోజుల్లో రోగుల పేర్లు పిలిచినట్టే, ఆ రికార్డులో వాయించినవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ట్రంపెట్ ఫలానావారు, పియానో ఫలానావారు. పిలిచిన ప్రతి పేరుకీ బల్లల మీదున్న టైలరు, పోస్ట్‌మాన్, డ్రాయింగు మాస్టరు చప్పట్లు కొడతారు. ఆ తరవాతే సూది రికార్డు మీద వాలుతుంది. ఎప్పుడో పోయిన మహానుభావులందరూ మందు సీసా కోసం వరసలో ఉన్నట్టుందని నేను వెక్కిరిస్తే ఆయనకి కోపమొచ్చేది. "పేరు పిలవకుండా రికార్డు వెయ్యకూడదే. వాయించినవాడికి మనం ఇవ్వగలిగింది ఇంకేముంది?" అనేవారు.

ఈ మాట గుర్తుపెట్టుకోండి. తరవాత ఇదే ఆయన గొంతు పట్టుకుంది.

వచ్చేవాళ్ళలో అందరికంటే పెద్దవారు మాస్టారు, డ్రాయింగు మాస్టరు కాదు, ఈయన వేరు. వయసులో ఉన్నప్పుడు హోటళ్ళలో బ్యాండుతో క్లారినెట్ వాయించేవారు. ఇప్పుడు చెవులు మందగించాయి. పిట్ట కూత, తలుపు గంట లాంటి సన్నని చప్పుళ్ళయితే అసలే వినపడవు. అందుకే ముందే వచ్చి స్పీకరుకి ఆనుకుని కూర్చుంటారు. మా ఆయన రారాజు అని పిలుచుకునే ఒక క్లారినెట్ విద్వాంసుడున్నారు. ఆయన రికార్డు వేసిన రోజు మాస్టారి ముఖం వెలిగిపోయేది. కానీ అందులో ఒక్క పాట మాత్రం వెయ్యనిచ్చేవారు కారు. "అదొద్దోయ్, దాటించెయ్" అనేవారు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఒక ఆదివారం అందరూ వెళ్ళిపోయాక, పాత చొక్కాలో చుట్టిన రికార్డొకటి తెచ్చి కిటికీలో పెట్టారు.

"ఇది నేను వాయించిన ఒకే ఒక్క రికార్డోయ్. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు."

"అదేంటి మాస్టారూ!" అన్నారు మా ఆయన.

"మా అన్నయ్య బ్యాండు మాది. వాడు డ్రమ్ములు. మేం సొంతంగా చేసిందేముంది నా మొహం, మీ రారాజుగారి పాట విని విని ప్రతి స్వరం దించేసుకున్నాం. స్టూడియోకి పిలిచారు. ఒక్కసారే వాయించాలి, తప్పొస్తే మళ్ళీ లేదు. అయిపోగానే అందరి ముందూ అన్నయ్య నా మీద విరుచుకుపడ్డాడు. 'నువ్వు ఆలస్యంగా ఎత్తుకున్నావు, పాటంతా తగలేశావు' అని. నేను సరిగ్గానే ఎత్తుకున్నానని నేను. ఆ రోజే బ్యాండు మానేశాను. రెండు వీధుల అవతలే ఉంటాడు, మాటల్లేవు."

"మరి అప్పుడే వింటే తేలిపోయేదిగా?" అన్నాను నేను. నా నోరు ఊరుకోదు.

"తేలిపోతుందనే వినలేదమ్మా. నాదే తప్పని తేలితే?" అన్నారు మాస్టారు. "ఇప్పుడు చెవులు మూసుకుపోతున్నాయి. పూర్తిగా పోయేలోగా ఒక్కసారి వినాలి. నేను ఆలస్యంగా ఎత్తుకున్నానా, లేదా. వచ్చే ఆదివారం వెయ్యవోయ్, అందరి ముందూ."

మా ఆయన ఆ రికార్డుని పసిబిడ్డని అందుకున్నట్టు అందుకున్నారు. మర్నాడు పొద్దున్నే, ఎంతో భక్తిగా, దూది స్పిరిటులో ముంచి తుడిచారు.

ఇన్నాళ్ళూ మా దగ్గరున్నవన్నీ ప్లాస్టిక్ రికార్డులు. వాటినిలాగే తుడిచేవారు, ఏమీ కాలేదు. మాస్టారిచ్చింది అంతకుముందు కాలం నాటి లక్క రికార్డు. స్పిరిటు తగిలితే లక్క కరుగుతుంది. ఈ సంగతి పాత రికార్డులమ్మేవాడికి తెలుసు, కుర్చీలకి పాలిష్ పెట్టే వడ్రంగికి తెలుసు. పొద్దస్తమానం స్పిరిటుతో కాపురం చేసే మా ఆయనకి తెలీలేదు. దూది నల్లగా వస్తుంటే 'అబ్బ, ఎంత మురికో' అనుకుని ఇంకో ఉండ తీసుకున్నారట! వేళ్ళకి జిగురంటుకున్నాక గానీ అనుమానం రాలేదు. అప్పటికి గీతలన్నీ చెరిగి, రికార్డు పలకలా అయిపోయింది. ఆరబెట్టి సూది పెడితే బుస్సుమనే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

నేను టిఫిను డబ్బా పట్టుకుని వెళ్ళేసరికి మందుల గదిలో నేల మీద కూర్చుని ఉన్నారు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పండి" అన్నాను.

"చెబుతానే."

"ఎప్పుడు?"

"చెబుతానన్నానుగా!"

ఆ వారమంతా ఇదే తంతు. చెప్పులేసుకుని గుమ్మం దాకా వెళ్ళడం, తిరిగి రావడం. మాస్టారు బజార్లో ఎదురైతే తేలు కుట్టిన దొంగలా సందులోకి తప్పుకున్నారట. అన్నం సహించదు. రోగికిచ్చే మాత్రల లెక్క తప్పితే డాక్టరుగారు కేకలేశారు. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది. "చేసింది పొరపాటు. దాస్తున్నది తప్పు. రెంటికీ తేడా తెలీదా మీకు?" అని కడిగేశాను. 

ఆదివారం వచ్చింది. మాస్టారు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ముందుకి వంగి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష ఫలితాల కోసం కూర్చున్న పిల్లాడిలా ఉన్నారు. ఇక చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని నేను కిటికీ వంకే చూస్తున్నాను. మా ఆయన నోరు తెరిచారు, మూశారు. ఏ పేరూ పిలవకుండానే వెనక్కి తిరిగారు. స్పీకర్లలోంచి పాట మొదలైంది. చిటపటలాడుతూ, పాతకాలపు గరగరతో.

 అది రారాజుగారి పాట. మాస్టారు ఎప్పుడూ దాటించెయ్యమనేది. అన్నదమ్ములు విని విని దించుకున్న ఆ అసలు పాట.

క్లారినెట్ వచ్చే చోటు దగ్గరపడుతుంటే మాస్టారు కళ్ళు మూసుకున్నారు. వేళ్ళు మోకాలి మీద లేచి ఆగాయి. క్లారినెట్ వచ్చింది. వెంట్రుకవాసి ముందూ కాదు, వెనకా కాదు. మాస్టారి కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

"నేను ఆలస్యం చెయ్యలేదు" అన్నారు. "విన్నారా? నేను ఆలస్యం చెయ్యలేదు! ఓరి నాయనో, ఇంత బాగా వాయించానా నేను?"

టైలరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. ఆ ముఖం చూశాక, వారమంతా చెప్పండి చెప్పండి అని సతాయించిన దాన్ని, నాకే నోరు పెగల్లేదు.

ఇంటికొచ్చాక, "నేను అబద్ధం చెప్పలేదు, పేరు పిలవలేదుగా" అన్నారు మా ఆయన.

"ఆహా, ఎంత సత్యవంతులండీ! దండేసి పటం కట్టిస్తాను" అన్నాను. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూసి ఊరుకున్నాను. మాస్టారి రికార్డు పోగొట్టడం ఒక పాపం. రారాజుగారి చప్పట్లు ఇంకొకరికి ఇచ్చెయ్యడం రెండోది. ఈ రెండోదే ఆయన్ని ఎక్కువ తినేస్తోందని నాకు అర్థమైంది.

అక్కడితో అయితే ఏదో మింగేసేవాళ్ళం. మర్నాడే మాస్టారు పరిగెత్తినట్టు వచ్చారు. "అన్నయ్యకి కబురు పెట్టానోయ్. వచ్చే ఆదివారం వస్తాడు. వాడూ వినాలి. నా మీద వేసిన నింద అబద్ధమని వాడి చెవులతోనే వాడు వినాలి!"

 తప్పంతా ఇప్పుడు ఏ పాపం ఎరగని ఇంకో ముసలాయన నెత్తిన పడబోతోంది. "మాస్టారూ, ఒక్క మాట" అని మా ఆయన మొదలుపెట్టారు కూడా. "ఏ మాటా వద్దు. ఈసారి నా పేరు పిలవాలి. పోయినసారి మర్చిపోయావు" అని మాస్టారు వెళ్ళిపోయారు.

అన్నగారు కర్ర ఊతంతో వచ్చారు. తమ్ముడి పక్కన కాకుండా ఎదురు బల్ల మీద కూర్చున్నారు. ఇద్దరూ నేల చూపులు. మా ఆయన కిటికీలోకి వచ్చి మాస్టారి పేరు పిలిచారు. అంత మెల్లగా ఆయన ఏ పేరూ పిలవగా నేను వినలేదు.

పాట అయిపోయింది.  అన్నగారు తలెత్తారు.

"నిజమేరా చిన్నోడా. నువ్వు వేళకే ఎత్తుకున్నావు. తప్పు నాదే."

మాస్టారు లేచి వెళ్ళి అన్న పక్కన కూర్చున్నారు. "పోనీలే అన్నయ్యా, పోనీలే" అంటూ ఆయన భుజం పట్టుకుని ఏడ్చారు. నేను కొంగుతో కళ్ళొత్తుకున్నాను. మా ఆయన కిటికీలో లేరు.

మందుల గదిలోకి వెళితే, ఆ చెరిగిపోయిన రికార్డు పట్టుకుని నిలబడి ఉన్నారు. "చెప్పేస్తానే. ఇద్దరికీ ఇప్పుడే చెప్పేస్తాను" అన్నారు. ఇంతలో కర్ర చప్పుడు. అన్నగారు ఒక్కరే లోపలికొచ్చి తలుపు చేరవేశారు.

"చివర్లో నా సింబల్ దెబ్బ ఏదయ్యా?" అన్నారు.

మా ఆయన చేతిలోని రికార్డుని వెనక్కి దాచుకున్నారు.

"పాటంతా ఉన్నదున్నట్టు దించాం గానీ, చివర సింబల్, అదే ఆ ఇత్తడి పళ్ళెం మీద దెబ్బ, ఒక్కటి నా సొంతం. గట్టిగా కొట్టాను. వీడికి ఆ చప్పుడు ఇప్పుడు వినపడదు కాబట్టి లేదని తెలీలేదు. నాకు తెలుసు. ఇది మాది కాదు."

మా ఆయన రికార్డు ఆయన చేతిలో పెట్టి, దూది దగ్గర్నుంచి అన్నీ చెప్పేశారు. చెబుతూ చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చారు. అన్నగారు ఆ నున్నటి రికార్డు మీద బొటనవేలితో రాస్తూ విన్నారు.

"నా దగ్గరున్నది ఇల్లు మారినప్పుడు పగిలిపోయింది" అన్నారు చివరికి. "పగలకముందు కూడా వినలేదు. నేనే తాళం తొందరపడ్డానేమో, అనవసరంగా వాణ్ని అన్నానేమో అని భయం. వాడు ఆలస్యం చేశాడా, నేను తొందరపడ్డానా, అది తెలుసుకుందామనే ఇవాళ వచ్చాను."

"మరి తప్పు మీదేనని ఎందుకన్నారు బాబాయిగారూ?" అన్నాను.

"వాడి ముఖం చూశావుగా అమ్మా."

మా ఆయన చేతులు జోడించారు. "నన్ను చెప్పనివ్వండి. లేకపోతే బతకలేను."

"నువ్వు బతకడానికి వాడికి చెబుతావా?" అన్నారు అన్నగారు. గొంతులో కోపం లేదు. "ఇన్నేళ్ళకి నన్ను అన్నయ్యా అన్నాడయ్యా. చెప్పకు." రికార్డు తిరిగిచ్చేసి, కర్ర చప్పుడు చేసుకుంటూ వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర మాస్టారు ఆయనకి చెయ్యందించారు. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని మెట్లు దిగారు.

అప్పట్నుంచి అన్నదమ్ములిద్దరూ కలిసే వస్తున్నారు, ఒకే బల్ల మీద కూర్చుంటున్నారు. మాస్టారు ప్రతిసారీ ఆ పాట వేయించుకుంటారు. మా ఆయన ప్రతిసారీ ఆ పేరు పిలుస్తారు. అన్నగారు అందరికంటే ముందు చప్పట్లు కొడతారు. చూసేవాళ్ళకి ఎంతో ముచ్చటగా ఉంటుంది. ఇంటికొచ్చాక అన్నం కలుపుకుని వదిలేసే మనిషిని నేను చూస్తాను. దూది ఇప్పుడు గాయాలకి తప్ప ముట్టుకోవడం లేదు. నా కళ్ళజోడు మసకబారితే నేనే తుడుచుకుంటున్నాను.

ఇంకొకటి కూడా మొదలైంది. ఆదివారం ఎవరూ రాకముందే వెళ్ళి, కిటికీ వెనక నిలబడి, ఖాళీ బల్లలకి రారాజుగారి పేరు పిలుస్తారు. అదే పాట వేస్తారు. ఒక్కరే చప్పట్లు కొడతారు. ఆ ఒంటి చప్పట్లు వినలేక నేనూ వెళ్ళి బల్ల మీద కూర్చుంటున్నాను.

మొన్న ఆదివారం ఆయన అలా పిలిచి, మేమిద్దరం చప్పట్లు కొడుతుంటే గుమ్మంలో ఇంకెవరివో చప్పట్లు వినిపించాయి. మాస్టారు. ఎప్పుడొచ్చారో!

"ఎవరి పేరు పిలిచావోయ్? సరిగ్గా వినపడలేదు" అన్నారు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

మా ఆయన నా వంక చూశారు. నేను నేల వంక చూశాను.

"మీ పేరే మాస్టారూ."

"మరి నేను రాకుండానే పిలిచేస్తావేం?" అని నవ్వుతూ వచ్చి స్పీకరు పక్కన కూర్చున్నారు. "ఏదీ, మళ్ళీ పిలువు. ఈసారి నాకు వినపడేట్టు."

మా ఆయన కిటికీ అంచు పట్టుకుని, మాస్టారి పేరే గట్టిగా పిలిచారు.