చెరిగిన పచ్చబొట్టు

వర్తూరు మెయిన్ రోడ్డులో శ్రీనివాసప్ప స్టూడియో ఉంది. అందులో గురుమూర్తి పదిహేనేళ్లుగా ఫోటోలు బాగుచేస్తున్నాడు. చాలాకాలం సన్నని కుంచెతో, దూదితో చేశాడు. రెండువేల రెండులో కంప్యూటరు వచ్చాక మౌసు పట్టాడు. పొద్దున్నే ఊదుబత్తి వెలిగించి, కీబోర్డును తాకి కళ్లకద్దుకుంటే గాని ఫోటోషాప్ తెరిచేవాడు కాదు. పెద్ద ఫైలయితే తెరుచుకోవడానికి ఒక టీ తాగేంత సేపు పట్టేది.

"ఏమప్పా గురుమూర్తీ, నీ ఫైలు తెరుచుకునేలోపల ఆ పెండ్లికొడుక్కి బిడ్డలు పుట్టేట్టుండారే!" అని శ్రీనివాసప్ప ఎగతాళి చేసేవాడు. చేస్తూనే టీ గ్లాసు తెచ్చి చేతికిచ్చేవాడు.

గురుమూర్తిది మెత్తని చెయ్యి. ఎవరూ అడక్కుండానే కళ్ల కింద నలుపు తీసేవాడు, మొటిమలు మాపేవాడు. దేవుడిచ్చిన ముఖానికి తాను చేసే చిన్న సేవ అనుకునేవాడు.

రెండువేల నాలుగు వానాకాలంలో ఎల్లమ్మ వచ్చింది. కదిరి దిక్కు మనిషి. సర్జాపుర రోడ్డులో కట్టే అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోస్తుంది. కొంగులో చుట్టి తెచ్చిన పటంలో ఆమె తల్లి ఆదెమ్మ ఉంది. ఎప్పుడో తిరునాళ్లలో తీయించుకున్న నలుపు తెలుపు ఫోటో. రేకుల షెడ్డులో వాన కారి అద్దానికి అతుక్కుపోయింది. ముఖమంతా బూజు చుక్కలు.

"మాయమ్మది ఇదొక్కటే ఉండాదన్నా. పెద్దల అమాసకు పూజలో పెట్టుకోవల్ల. కొంచెం పెద్దగా చేసియ్యి."

గురుమూర్తి అద్దంతో పాటే స్కాన్ చేశాడు. తర్వాత ఫోటోను మెల్లగా ఊడదీయబోతే ముఖం పొరలాగా లేచి పొడిపొడిగా రాలిపోయింది. కంప్యూటర్లో ఉంది కదా అని మనసు కుదుటపరచుకుని ఫైలు తెరిచాడు. బూజు చుక్కలు ఒక్కొక్కటే మాపాడు. గడ్డం మీద నల్లగా ఇంకొన్ని చుక్కలుంటే వాటినీ మాపాడు. ముఖం కడిగినట్టు తేటగా వచ్చింది. ఆ సంతోషంలో పాత స్కాన్ మీదే, అదే పేరుతో సేవ్ చేసి మూసేశాడు.

నాలుగు రోజులకు ఎల్లమ్మ వచ్చింది. కొత్త పటం చూసి కళ్లు తుడుచుకుంది. మళ్లీ దగ్గరికి పెట్టుకుని చూసింది.

"అన్నా, మాయమ్మ గడ్డం మీద పచ్చబొట్టు యాడ పోయె?"

గురుమూర్తి గబగబా కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఫైలు తెరిచాడు. నున్నని గడ్డం. మూసి, ఇంకోసారి తెరిచాడు. కుంచెతో పనిచేసే రోజుల్లో తప్పు పడితే తడి దూదితో తుడిచేవాడు, అడుగున అసలు ముఖం కనిపించేది. ఇక్కడ అడుగున ఏమీ లేదు.

"నేనే చెరిపేసినానమ్మా, బూజనుకొని. ఎన్ని చుక్కలుండేవో చెప్పు తల్లీ, ఇప్పుడే పెడతా."

ఎల్లమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది.

"మూడో, ఐదో... తొమ్మిదేండ్ల పిల్లనన్నా, మాయమ్మ పోయినప్పుడు. ఒంటిమీది సొమ్ములన్నీ తీసి పెట్టుకున్న్యారు. పచ్చబొట్టొక్కటే ఆయమ్మతో పాయె. అదొకటే బాగా గుర్తుండాది."

"మూడు పెట్టేదా?"

"వద్దులేన్నా. నువ్వు పెడితే అట్లే నిలిచిపోతాది. తప్పయితే? పూజ నాడు నేనే అద్దం మీద కాటుకతో పెట్టుకుంటా. కాదనిపిస్తే తుడుచుకోవచ్చు." అతని ముఖం చూసి, "బాధపడొద్దన్నా. నీకేం తెలుసు పాపం!" అంది.

తెలుసు. అదే అతని బాధ. సొంత అవ్వ గడ్డం మీద అట్లాంటి చుక్కలనే వేలితో తడుముతూ ఆమె ఒడిలో నిద్రపోయినవాడు. ఎల్లమ్మ నాలుగు తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

వాన తగ్గేదాకా ఆమె గడప దగ్గరే నిలబడింది. పటంలో తల్లి గడ్డం మీద వేలు ఆనించి, తీసి, కొంచెం పక్కకు జరిపి ఆనించింది. మళ్లీ తీసింది. గురుమూర్తి అటు చూడలేక తల తిప్పుకున్నాడు. తెర మీద ఆదెమ్మ తేటగా నవ్వుతూనే ఉంది.