వాకిట్లోనే నిలబడిన నాయన

మా అత్త పోయిందని ఆమె కోడలు ఫోన్ చేసేసరికి నేను కళ్యాణదుర్గంలో ఒక పెళ్ళిలో తలంబ్రాల ఫోటోలు తీస్తున్నాను. సరిగ్గా ఆ ముహూర్తానికే పోవాలా ఆమె! బతికున్నన్నాళ్ళూ నా పని వేళ చూసి ఒక్కసారైనా ఫోన్ చేసిన మనిషి కాదు. పోయేటప్పుడు మాత్రం నా తీరిక ఎందుకు చూస్తుంది? కెమెరా మా స్టూడియో భాగస్వామి చేతిలో పెట్టి కంబదూరు వైపు బండి తిప్పాను. సగం దారి దాకా కోపమే వచ్చింది. ఊరి పొలిమేర కనబడ్డాక గానీ ఏడుపు రాలేదు.

ఆమె మా నాయనకు అక్క, నాకు మేనత్త. సొంత మేనమామకే ఇచ్చి చేయడంతో పుట్టిన ఊరు దాటే అవసరమే పడలేదు. ఎనభై ఐదు దాటినా శెనక్కాయ చేలో వంగి కలుపు తీసేది. ఎవరి బండి ఎదురైనా ఆపి రెండు కాయలు తీసి, వేళ్ళతో చిట్లగొట్టి, నోట్లో వేసుకుని తీర్పు చెప్పేది. కాయల మీదే కాదు, మనుషుల మీద కూడా. మా ఆవిడ చేసిన సంగటి, మా అమ్మాయి మార్కులు, ఊరి సర్పంచి ఉపన్యాసం, ఏదీ ఆమె నోటి నుంచి తప్పించుకోలేదు. నేను స్టూడియో తెరిచిన రోజు అందరూ అక్షింతలు వేసి బాగుందన్నారు. ఆమె మాత్రం గోడ మీది ఫోటోలన్నీ ఒకటొకటిగా చూసి, "అందరూ పాలలో ముంచినట్టుండారు. ఇంత తెల్లోళ్ళు మన తాలూకాలో యాడుండారప్పా?" అంది. మొదటి రోజే ఆ మాట! ఇరవై ఏళ్ళయినా నాకు ఇంకా మంటే.

నన్ను అంతకంటే ఎక్కువ వేధించిన సంగతి ఇంకొకటుంది. అది ఆమె నాయన సంగతి. అంటే మా తాత సంగతి.

ఆమెకు నాలుగేళ్ళప్పుడు పెద్ద కరువు. పటాలంలో చేరితే కడుపు నిండా అన్నం పెడతారని ఎవరో చెబితే తాత పోయి చేరాడు. తుపాకీ పట్టే పని కాదు, రోడ్లు వేసే పని. ఆయన యుద్ధానికని బర్మాకు పోయేనాటికి మా నాయన ఇంకా జేజి, అదే మా నాయనమ్మ, కడుపులో ఉన్నాడు. తర్వాత ఒక ఇంగ్లీషు జాబు వచ్చింది. ఊళ్ళో ఎవరికీ చదవడం రాక అనంతపురం తీసుకుపోయి చదివించారు. చనిపోయాడని అందులో లేదు. కనబడలేదని ఉంది. ఆ ఒక్క మాట మా ఇంటిని డెబ్బై ఎనభై ఏళ్ళు పట్టుకుని వేలాడింది.

మా వైపు పెద్దల అమావాస్య నాడు పోయినవాళ్ళకు కొత్త బట్టలు పెడతాం. పెద్దింట్లో పీటల మీద బట్టలు మడిచిపెట్టి, ఒక్కొక్కరి పేరున ఒక్కో విస్తరాకు వేసి, వాళ్ళు తిన్నవన్నీ వడ్డించి, తలుపు దగ్గరికి వేసి కాసేపు బయట కూర్చుంటాం. బతికున్నవాడి పేరున ఆకు వేస్తే వాడి ఆయుష్షు తీసినట్టే అని నమ్మకం. అందుకని తాతకు ఆకు వేయలేదు. చావు కళ్ళారా చూసినవాడు ఎవడైనా వచ్చి చెప్పాలని జేజి పట్టుబట్టింది. ఎవడూ రాలేదు. ఆమె చేతి నిండా గాజులతోనే పోయింది.

ఆమె పోయాక కూడా ఆకు పడలేదు. పెద్దింట్లో పెత్తనం మా పెద్దనాయనది. తాత అన్నగారి కొడుకాయన. సాక్ష్యం కావాలనేవాడు. "అన్నా, బతికుంటే మా నాయనకు నూరు దాటి ఎన్నేండ్లో అయ్యుంటాది. ఇంగా యాడ బతికుంటాడు?" అని అత్త అరిచేది. "నూరేండ్లు దాటినోళ్ళు లేరామ్మా లోకంలో?" అని ఆయన నింపాదిగా వక్క నమిలేవాడు. ఆయనతో వాదించడం గోడకు చెప్పుకోవడమే.

ఇంతలో మా నాయన పోయాడు. మరుసటి ఏడు నుంచి నేను ఆయనకు ఆకు వేయడం మొదలుపెట్టాను. ఆ మొదటి అమావాస్య నాడు తలుపు దగ్గరికి వేసి బయట కూర్చున్నప్పుడు అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సూసినావా అల్లుడా? కొడుకు లోపల కూచోని తింటాండాడు. నాయన వాకిట్లోనే నిలబడినాడు."

ఆ మాటకు లొంగి నోరు జారాను. ఏం చేయమంటావత్తా, చేస్తాను అన్నాను. అంతే, దొరికిపోయాను. పటాలంలో పనిచేసి వచ్చిన మనిషెవరో, కనబడకుండా పోయినవాళ్ళ పేర్లన్నీ బర్మాలో ఒకచోట రాళ్ళ మీద చెక్కారని ఆమెకు చెప్పి ఉన్నాడు. నేను పోవాలి, రాయి వెతకాలి, ఫోటో తీసుకురావాలి. వారం వారం ఫోన్. పెళ్ళి మంటపంలో ఉంటే ఫోన్, డాక్టరు దగ్గర కూర్చుంటే ఫోన్.

"ఏమల్లుడా, పోతాండావా?"

"పోతాలే అత్తా."

"నువ్వు పొయ్యేలోపల నేనే పోతా, ఉండు. ఆడికిపోయి మా నాయన్నే నేరుగా అడుక్కుంటా."

ఏడేళ్ళ కిందట ఆ పోరు పడలేక వెళ్ళాను. బెంగళూరు, కలకత్తా, రంగూన్, అక్కడి నుంచి ఊరవతలకు టాక్సీ. నా మాట డ్రైవరుకు తెలియదు, అతని మాట నాకు తెలియదు. పచ్చిక మధ్య వరసలు వరసలుగా రాతి స్తంభాలు, వాటి నిండా పేర్లు. నా జన్మలో అన్ని పేర్లు ఒకచోట చూడలేదు. ఎండలో మెడ పైకెత్తి వేలితో ఒక్కో వరస చదువుకుంటూ పోయాను. ఒక తోటమాలి చాలాసేపు నన్ను చూసి, ఏమీ అడక్కుండా నిచ్చెన తెచ్చి వేశాడు. పై వరసలో దొరికాడు తాత. అక్కడ ఉంచిన పుస్తకంలో ఆయన తండ్రి పేరు, మా ఊరి పేరు కూడా ఉన్నాయి. నిచ్చెన మీద నుంచే ఫోన్ చేశాను.

"దొరికినాడా?"

"దొరికినాడత్తా."



"ఒక్కడే ఉండాడా?"

"లేదత్తా, చానామంది ఉండారు. పైన నబీసాబు, నాగలింగం. కింద నంజుండప్ప. మన పక్కోళ్ళ పేర్ల మాదిరే ఉండాయి."

"అబ్బ, జత ఉండారు" అంది. ఆమె గొంతు అంత మెత్తగా ఉండడం నేను అంతకుముందు వినలేదు.

అక్కడితో నా కష్టం తీరాలి కదా? తీరకుండా నేనే చేసుకున్నాను. మా పని అలాంటిది. స్టూడియోకు వచ్చిన ఏ ఫోటోనూ ఉన్నది ఉన్నట్టు ఇవ్వం. పెళ్ళికూతురి మొహం మీద మచ్చలు తుడుస్తాం. పోయినవాళ్ళకు చొక్కా మీద కోటు తొడుగుతాం. కువైట్‌లో ఉన్న కొడుకును తెచ్చి తల్లి పక్కన నిలబెడతాం. అదే అలవాటులో రాయి మీది నాచు తుడిచాను, పగుళ్ళు పూడ్చాను. చుట్టూ ఉన్న పేర్లు గజిబిజిగా ఉన్నాయని అవీ తీసేశాను. పాలరాయి లాంటి రాయి మీద తాత పేరు ఒక్కటే మిగిలింది. ఇంత పెద్ద ఫ్రేము కట్టించాను. అత్త మురిసిపోతుందనుకున్నాను.

ఆమె బస్సు దిగి స్టూడియోకు వచ్చి ఫ్రేమును రెండు చేతులతో పట్టుకుంది. చదువు రాదు గానీ, ఒక్క వరసకూ నాలుగు వరసలకూ తేడా తెలియనంత అమాయకురాలు కాదు.

"మిగిలినోళ్ళేరి?"

"తుడిచేసినా అత్తా. నీటుగా ఉంటాదని."

"తుడిచేసినావా?" ఫ్రేము బల్ల మీద పెట్టేసింది. "నీ మొగం మండ! వాళ్ళకు మాత్రం అమ్మలు లేరా? ఎనభై ఏండ్లు జతగా ఉన్నోళ్ళను ఇడగొట్టి మా నాయనను ఒంటిగాణ్ణి చేసినావు కదరా!"

అసలు ఫోటోలు చూపించమంది. అవెక్కడున్నాయి? తిరిగొచ్చిన మర్నాడే ఒక పెళ్ళి ఉంటే కెమెరాలోని ఆ కార్డు ఖాళీ చేసి వాడేశాను. పుస్తకంలోని పేజీకి తీసిన ఫోటో కూడా దాంతోపాటే పోయింది. ఆ సంగతి ఆమెకు చెప్పడం కంటే ఇంకోసారి బర్మాకు నడిచిపోవడమే సులువనిపించింది.

పెద్దనాయన ఆ ఫ్రేమును చూసి ఒక్కటే మాట అన్నాడు. "ఈ నా కొడుకు సచ్చినోళ్ళకు కోట్లు తొడిగేవాడు. యాడో రాయి మీద మా సిన్నాయన పేరు రాయడం వీనికొక లెక్కా?" ఆ పేర్లు ఇంటర్నెట్లో ఉన్నాయని ఫోన్ తీసి చూపించాను. "అదీ నీ చేతిలోదే గదా" అన్నాడు. ఇన్నేళ్ళు నేను పేరు తెచ్చుకున్న పనితనమే నా మాటను చెల్లని మాట చేసింది. నిజం తెచ్చి, నా చేత్తో నేనే దాన్ని అబద్ధంలా తయారు చేశాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. ఆ ఏడు కూడా ఆకు పడలేదు.

ఆ తర్వాత కరోనా. అది పోయేసరికి ఆ దేశంలో గొడవలు. అత్తకు ఇవేవీ పట్టవు. "వాళ్ళ గొడవ వాళ్ళది, నువ్వు రాయికాడికి పోయి వచ్చేదానికి వాళ్ళకేమి నొప్పి?" అనేది. ఆమెకు ఒళ్ళు తగ్గిపోతూ వచ్చింది, నోరు మాత్రం తగ్గలేదు. ఎక్కడ ఆకు వేయకుండానే పోతుందోనని నాకు లోపల దడగా ఉండేది. ఆ మాట పైకి అంటే ఇంకా తిడుతుందని అనలేదు. పోయిన శ్రావణానికి కాస్త ముందు దారి దొరికింది. మళ్ళీ వెళ్ళాను.

ఈసారి తెలివి తెచ్చుకుని పెద్దనాయనను కూడా అత్త పక్కన కూర్చోబెట్టమని చెప్పి వీడియో కాల్ చేశాను. అక్కడ కుండపోత వాన. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో ఫోన్. నిచ్చెన తడిసి జారుతోంది. పెద్దనాయన అక్కడి నుంచి ఆజ్ఞలు. "ఎడమకు జరుగు. ఇంగా పైకి సూపీ. వేలు పెట్టి తడువు. గోరుతో గీకు, రంగు లేస్తాదేమో సూస్తాం." గీకాను. లేవలేదు. పుస్తకం తెరిచి చదవమన్నాడు. ఊరి పేరు చదివాను. ఆయన నమలడం ఆపేశాడు.

"అవునమ్మా, సిన్నాయనే" అన్నాడు.

అత్త మొహం తెర నిండా వచ్చింది.

"అల్లుడా, పేరు సూసినాం లేరా. ఆ ఫోను రవ్వంత పక్కకు తిప్పు. ఆ వానను సూపీ."

ఇన్నేళ్ళు నన్ను పీక్కుతిన్నది పేరు కోసం! తాత పేరు కళ్ళ ముందు పెడితే వాన చూపించమంటుంది. ఏం మనిషమ్మా! విసుక్కుంటూనే తిప్పాను. గడ్డి మీద నీళ్ళు పారుతున్నాయి. ఆమె కన్నార్పకుండా చూసింది. "సచ్చి సచ్చి వానలుండే ఊరు సూసుకున్నాడు మా నాయన" అంది. ఆ ఏడు మా ఊళ్ళో విత్తనం వేసేందుకు కూడా చాలినంత వాన పడి పదును కాలేదు.

ఈసారి ఫోటోను ముట్టుకోలేదు. నాచు, పక్షుల రెట్టలు, పక్కవాళ్ళు, అన్నీ ఉన్నది ఉన్నట్టు అచ్చు వేయించాను. నా గొడుగు అంచు కూడా ఒక మూల పడింది. దాన్నీ తీయలేదు. అత్త మనవరాలి చేత పేర్లన్నీ చదివించుకుని, ఎవరూ తగ్గలేదని తేల్చుకుని అప్పుడు తలూపింది.

పెద్దల అమావాస్య వచ్చింది. తెల్లారకముందే వచ్చి పెద్దింట్లో పొయ్యి దగ్గర కూర్చుంది. కోడళ్ళు చేసిన ప్రతిదానికీ వంక పెట్టింది. వడ్డించే వేళకు చూస్తే లెక్క కంటే మూడు విస్తరాకులు ఎక్కువ వేసి ఉంది.

"ఇవెవరికమ్మా?" అని పెద్దనాయన గుడ్లురిమాడు.

"నబీసాబుకు, నాగలింగానికి, నంజుండప్పకు. జతగాళ్ళను బయట నిలబెట్టి మా నాయన ఒక్కడే లోపలికొచ్చి తింటాడా?"

"మన ఇంటి పెద్దల కాడ ఊరోళ్ళకు ఆకేందమ్మా? యాడన్నా ఉండాదా?"

"మన ఇంటోడు ఇన్నేండ్లు వాళ్ళ కాడనే ఉండ్లేదా అన్నా?"

ఆయన వక్కల సంచీ తీసుకుని బయటికి పోయాడు. అత్త మూడు ఆకుల్లోనూ తన చేత్తోనే వడ్డించింది. అందరం బయటికి నడిచాం. ఆమె రాలేదు. మోకాళ్ళ నొప్పులతో లేవలేకపోతోందేమోనని పట్టుకుని లేపడానికి నేను వెనక్కి వెళ్ళాను.

తాత ఆకు ముందు కూర్చుని ఉంది. పక్కనే మా నాయన ఆకు. అత్త నన్ను చూడలేదు.

"నాయనా" అంది. "వీడే నీ కొడుకు. నువ్వు పొయ్యేటప్పుడు కడుపులో ఉండె. సూసుకో."

అప్పుడు ఏడ్చింది. ఆ పొద్దే తండ్రి పోయిన పిల్ల ఏడ్చినట్టు, గుండెలు బాదుకుంటూ, ఊరంతా వినబడేలా ఏడ్చింది. వాకిట్లో ఆడవాళ్ళు ఒక్కొక్కరే లేచి లోపలికి వస్తున్నారు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని ముందుకు వంగింది. మెతుకు కింద పడకుండా, తాత ఆకును ఎడమ చేత్తో, మా నాయన ఆకును కుడి చేత్తో పట్టుకుని, అంచు మీద అంచు పడేదాకా వాటిని మెల్లగా దగ్గరికి జరిపింది.