అడ్డం తిరిగిన లేబుల్

ఆ వర్క్‌షాపులో తయారయ్యేవి కాటాలు. సరుకు తూచి, బరువూ దుకాణం గుర్తూ చదరపు లేబుల్ మీద ముద్రించి ఇస్తాయి. వాటి లోపలి చిప్‌కి ప్రోగ్రామ్ రాసేది యజమాని మేనకోడలు.

ఆ ఉదయం మామయ్య ఒక దుకాణదారుతో మాట్లాడి ఫోను పెట్టేసి, "అమ్మడూ, ఇకనుంచి లేబుల్ మీద బొమ్మ అడ్డంగా కూడా రావాలి. సోమవారానికి ఇస్తామని చెప్పేశా" అన్నాడు.

ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఎవర్నడిగి చెప్పావు మామయ్యా?"

"బొమ్మ తిప్పడమేగా! నా ఫోన్లో వేలితో తిప్పేస్తా."

"నీ ఫోన్లో ఉన్న మెమరీ ఈ చిప్‌లో ఏడిసిందా? బొమ్మంటే వరుసల్లో పేర్చిన చుక్కలు. తిప్పి పెట్టాలంటే పక్కన అంత ఖాళీ జాగా కావాలి. పెద్ద చిప్ వెయ్యమని ఎంత మొత్తుకున్నాను?"

"నువ్వు తలుచుకుంటే అదెంతలే!" అంటూ ఆయన టీకి వెళ్లిపోయాడు.

ఆ పొగడ్త తిట్టుకన్నా ఎక్కువ మండించింది. తిట్టుకుంటూనే కాగితం మీద గళ్లు గీసింది. తిట్టుకుంటూనే దారి కనిపెట్టింది. రెండో బొమ్మ అక్కర్లేదు. ఒక మూల చుక్కను పక్కన పెడితే ఆ గడి ఖాళీ. వెనక మూలది అందులోకి, దాని వెనకది ఇది ఖాళీ చేసిన గడిలోకి, నాలుగో మూలది దాని గడిలోకి, ఆఖర్న పక్కన పెట్టింది మిగిలిన ఖాళీలోకి. అలా నాలుగేసి చుక్కలు, బయటి చుట్టు నుంచి లోపలికి. అదనంగా కావలసింది ఒక్క చుక్కంత చోటు.

మొదటి లేబుల్లో బొమ్మ తిరిగింది గానీ, మూల నుంచి మూలకు రెండు గీతలు పడ్డాయి.

"ఎవరో ఇంటూ పెట్టి కొట్టేసినట్టుందే!" మామయ్య పగలబడి నవ్వాడు.

ఆమె పళ్లు నూరుతూ వెతికింది. ప్రతి చుట్టులో ఒక అడుగు ఎక్కువ పడి, మూలలు రెండేసిసార్లు తిరుగుతున్నాయి. ఆ అడుగు తీసేసింది. లేబుల్ శుభ్రంగా వచ్చింది.

"చూశావా! దీనికా అంత రాద్ధాంతం?"

"కుదిరింది కాబట్టి నవ్వుతున్నావు. కుదరకపోతే ఆ చీవాట్లు నేను తినాలి. ఇంకోసారి నన్నడక్కుండా మాటిచ్చావో, నువ్వే కూర్చుని రాసుకో!"

మరో దుకాణదారు వచ్చిన రోజు, పిలవకుండానే వెళ్లి మామయ్య పక్కన కుర్చీ వేసుకుంది. వచ్చినాయన రంగుల లేబుల్ అడిగాడు. సరేననడానికి మామయ్య నోరు తెరిచాడు.

"కుదరదండీ, ఈ కాటా నలుపొక్కటే ముద్రిస్తుంది" అందామె, ఇద్దరికీ వినిపించేలా.

మామయ్య ముఖం మాడ్చుకున్నాడు. ఆమె కుర్చీలోంచి కదల్లేదు.