బావికి మొహమాటం లేదు

మొన్న శుక్రవారం పొద్దున బంగారుపాళ్యం నుంచి ఫోనొచ్చింది. మా మేనత్త ఇక లేదు. డెబ్బై దాటిన మనిషి, నిద్రలోనే పోయిందన్నారు. పెద్దవాణ్ణయి ఉండీ ఆఫీసులోనే ఏడ్చేశాను. ఆమె నాకు చేసిన మేలు నలుగురికీ చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

నీటి పథకాలు జోరుగా నడిచిన రోజులవి. వంకలకు అడ్డంగా ఊరూరా చెక్‌డ్యాములు కట్టారు. వాటివల్ల బావుల్లో నీళ్లు పెరిగాయో లేదో ప్రతి సోమవారం కొలిచి రాసే పని ఊళ్లోని ఆడవాళ్లకు అప్పగించారు. మా అత్త ఊళ్లో ఆ పని ఆమెదే. నెలకోసారి ఆ కాగితాలు తీసుకుపోయి చిత్తూరు ఆఫీసులో ఇవ్వడం నా ఉద్యోగం.

ఆమెకు చాదస్తం ఎక్కువ. తాడు తడిసి సాగిందేమోనని, బావిని కొలిచే ముందు తాడునే కొలిచేది. ఒకసారి జోరువానలో గొంగడి కప్పుకొని బయల్దేరింది. రేపు కొలవొచ్చు కదా అంటే, "రేపు మంగళారం గదరా" అంది.

చెక్‌డ్యాం కట్టిన ఏడాది వానలు బాగానే పడ్డాయి. బావిలో నీళ్లు మాత్రం జానెడైనా పెరగలేదు. నీళ్లు పెరిగిన ఊళ్లకే రెండో విడత పనులిస్తారని ఎవరో పుకారు పుట్టించారు. ఊరి పెద్దలు నన్ను పట్టుకున్నారు. నాకూ పైవాళ్లతో మాట పడటం ఇష్టం లేదు.

"నాలుగడుగులు పెరిగినట్టు రాసెయ్యత్తా. ఊరికి మంచిదే కదా" అన్నాను.

అనపకాయలు వలుస్తున్న మనిషి తలెత్తలేదు. "బావికి మొహమాటం లేదురా అబ్బోడా. రోగం దాసిపెట్టుకోని డాక్టరు కాడికి పోతే మందు యాడిస్తాడు?"

కోపంతో అన్నం తినకుండా వచ్చేశాను. ఆమె సంతకం లేనిదే కాగితం చెల్లదు గనక ఉన్నదున్నట్టే ఇచ్చాను.

వారం తిరక్కుండా ఇంజనీరు వచ్చాడు. పనులు పోయినట్టేనని ఊళ్లోవాళ్లు ఆమె మీద గొణుక్కున్నారు. ఆమె తాడు ఆయన చేతికే ఇచ్చింది. "నువ్వే దించి సూడు నాయినా. ఆ తర్వాత నీళ్లు యాడికి పోతాండాయో సూద్దాం."

అందరం వంక వెంబడి నడిచాం. కంపచెట్ల చాటున, చెక్‌డ్యాం పక్కనే గట్టు కోసుకుపోయి ఉంది. నిలవాల్సిన నీళ్లన్నీ ఆ గండిలోంచే పోయాయి. "ఈ కొలతే లేకపోతే మాకు తెలిసేది కాదమ్మా" అన్నాడాయన. ఎండాకాలం లోపలే అక్కడ రాతికట్టు వేయించాడు.

నేను అడిగిన నాలుగడుగులు ఆమె కలిపి ఉంటే ఆ గండి అట్లాగే ఉండేది. ఆ తర్వాత ఏ ఊరి కాగితంలోనూ ఒక్క అంకె మార్చమని నేను ఎవరినీ అడగలేదు. ఆ బుద్ధి ఆమె పెట్టిందే.

నీళ్లు ఇంకేకొద్దీ బావిలో మోటారును కిందికి దించుకుంటూ పోవడమే ఏళ్లుగా ఆ ఊరికి తెలిసిన పని. మరుసటి కార్తీకంలో నీళ్లు మోటారును ముంచేటట్టు వచ్చాయి. నలుగురు మగవాళ్లు మోకులు కట్టి దాన్ని లాగుతున్నారు. అత్త కొంగు నడుముకు దోపుకొని ఒడ్డున నిలబడి, "ఇంగా పైకి లాగండప్పా, ఇంగా పైకి" అంటూనే ఉంది.