ఎర్రగీత పడిన పన్నెండు చీటీలు

అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ, ఆ ఆఫీసులో దాన్ని పలికిన నాథుడు లేడు. అందరికీ ఆవిడ చీటీలమ్మే. కింది అంతస్తులో, మెట్ల వెనకాల, పట్టపగలు కూడా లైటు వేస్తే గానీ మొహాలు కనపడని రికార్డు గదిలో ఇరవయ్యారేళ్లు కూర్చుంది. ఆ దుమ్ముకి దగ్గు పట్టుకుంది, ఆ లైటుకి కళ్లజోడు వచ్చింది. రెండింటి గురించీ ఎవరితోనూ మొరపెట్టుకున్న మనిషి కాదు.

ఆవిడ పట్టుదలంతా ఒక్కదాని మీదే. బీరువాలోంచి కాగితం బయటికి వెళ్తే, అది ఉన్న చోట ఒక పసుపుపచ్చ అట్టచీటీ నిలబడాలి. ఎవరు తీసుకున్నారు, ఏ రోజున, సంతకం. కాగితం తిరిగొచ్చాక ఆ చీటీ మీద మూలనుంచి మూలకి ఎర్రపెన్సిలుతో ఒక గీత, కింద ఆవిడ పొట్టి సంతకం. ఎర్రగీత పడిందంటే కాగితం ఇంటికి చేరినట్టు లెక్క. ఇందులో మినహాయింపుల్లేవు. మీరు మంత్రిగారైనా సరే, మంత్రిగారి మామగారైనా సరే!

ఒకసారి నిజంగానే మంత్రిగారి మనిషి ఒకాయన ఊడిపడ్డాడు. చీటీ గీటీ జాన్తా నై, ఫైలు ఇమ్మన్నాడు.

"నేనెవరో తెలుసా?" అని బల్ల మీద గుద్దాడు.

"తెలియదు బాబూ. అందుకేగా పేరు రాయమంటున్నాను," అంది చీటీలమ్మ.

ఆయన అరికాలి మంట నెత్తికెక్కి, తిన్నగా పై అంతస్తుకి వెళ్లి శాఖ పెద్ద అధికారి దగ్గర కూర్చున్నాడు. చీటీలమ్మకి కబురొచ్చింది. ఇవాళ ఈవిడ పని అయిపోయిందని ఆఫీసంతా మెట్ల దగ్గర చేరి చెవులు రిక్కించింది. పెద్ద అధికారి మాత్రం ఆ వచ్చినాయనతో, "ఆవిడ అడిగింది రాసివ్వండి. నేనూ రాసిచ్చే తీసుకుంటాను," అన్నారు. అంతే. అంత చిన్న మాట! ఇరవయ్యారేళ్లలో ఆవిడ తరఫున ఒకరు మాట్లాడటం అదే మొదలు, అదే ఆఖరు. ఆ రోజు నుంచీ చీటీలమ్మ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

ఆయన కూడా పెట్టుకోదగ్గ మనిషిలాగే ఉండేవారు మరి. కాగితం కావాలంటే జవానుని పంపకుండా తానే మెట్లు దిగి వచ్చేవారు. చీటీ ముందుగా తీసి రాసేవారు. "దగ్గు ఎలా ఉందమ్మా?" అని అడిగేవారు. ఆ గదికి గాలి లాగే ఫ్యాను పెట్టించింది కూడా ఆయనే. ఇంటికొచ్చి సారు అలా అన్నారు, సారు ఇలా అన్నారు అని చెబుతుంటే, దర్జీ పని చేసే భర్త నోట్లోని సూది తీసి, "మీ సారు ఇంకో రెండుసార్లు పలకరిస్తే నీ దగ్గు కూడా రిటైర్ అయిపోతుందే," అని ఏడిపించేవాడు. ఆవిడ ఉడుక్కునేది. లోపల మురిసిపోయేది.

ఆ ఊళ్లో కొత్త వంతెన కట్టారు. దాని స్తంభాల్లో బలం లేదని, వాహనాలు వదలొద్దని సారు రెండేళ్లలో పన్నెండు మెమోలు రాశారు. పైవాళ్లు పన్నెండింటినీ తొక్కిపెట్టి వంతెన తెరిచేశారు. ఉద్యోగం ఆఖరి నెలలో సారు ఆ పన్నెండు మెమోలూ, అసలు కాగితాలే, చీటీలు రాసిచ్చి తీసుకున్నారు. బీరువా మూడో అరలో పన్నెండు పసుపు చీటీలు వరసగా నిలబడ్డాయి.

రిటైర్ అయ్యే మనిషి దగ్గర ఆఫీసు కాగితాలేవీ లేవని రికార్డు గది రాసివ్వాలి. దానికి ఎర్రగీత పడిన చీటీలు జత చెయ్యాలి. అది లేకపోతే ఆయన పెన్షను కాగితాలు కదలవు. ఆ రోజు పైన వీడ్కోలు సభ జరుగుతుండగా, మధ్యలో సారు ఒక్కరే మెట్లు దిగి వచ్చారు.

"అమ్మా, ఆ పన్నెండూ ఇంట్లో పెట్టెల్లో కలిసిపోయాయి. సోమవారం డ్రైవరుకిచ్చి పంపిస్తాను. ఇవాళ మీ సంతకం పడకపోతే నా పనంతా ఆగిపోతుంది."

ఆవిడ చీటీల వంక చూసింది. సారు నవ్వారు.

"నా మీద నమ్మకం లేదా?"

ఆ మాట ఇంకెవరన్నా అని ఉంటే తలుపు చూపించేది. ఎర్రపెన్సిలు తీసి, పన్నెండు చీటీల మీద పన్నెండు గీతలు గీసింది. అనుమానిస్తూ గీసిందా? లేదు! సారుకి ఒక్కసారైనా పనికొచ్చానని సంబరపడుతూ గీసింది. తర్వాత తల్చుకున్నప్పుడల్లా ఆవిడకి ఒళ్లు మండేది ఆ సంబరానికే.

సోమవారం వచ్చింది, డ్రైవరు రాలేదు. ఆవిడ ఫోన్ చేసింది. ఇంకో సోమవారం మళ్లీ చేసింది. "చీటీలమ్మా, నన్ను కూడా వదలవా?" అని ఆయన గలగలా నవ్వేవారు. సిగ్గుపడి ఫోన్ పెట్టేసేది. ఇలా ఎనిమిది నెలలు గడిచాయి. పై అధికారికి చెబుదామంటే ఏమని చెబుతుంది? రాని కాగితాలు వచ్చాయని తనే రాసిచ్చింది.

ఒకరోజు వంతెన రెండో స్తంభం నిలువునా బీట వేసింది. దారి మూసేశారు. మర్నాడు పత్రిక మొదటి పేజీలో సారు మెమోలు వరసగా అచ్చయ్యాయి. ముందే చెప్పిన మహానుభావుడని ఊరంతా ఆయన్ని ఆకాశానికెత్తింది. చీటీలమ్మ కూడా పొంగిపోయింది, అబద్ధమెందుకు! ఆ పత్రిక కొనుక్కొచ్చి భర్త ముందు పరిచింది. అప్పుడు కనబడింది ఆవిడకి. ఫోటో వేసిన మెమో కుడిపక్క మూల, నీలం పెన్సిలుతో, బీరువా అంకె. ఆ అంకె వేసింది తనే. అంటే సారు వెనక్కి పంపని అసలు కాగితమే పత్రికకి చేరింది.

ప్రభుత్వం కోర్టుకి వెళ్లింది. మెమోలు ప్రభుత్వం సొత్తు, ఉద్యోగం దిగిపోయాక వాటిని ఇంట్లో ఉంచుకోవడం తప్పు, పత్రికకివ్వడం ఇంకా పెద్ద తప్పు, వాటిని వెనక్కి ఇప్పించండి అని. సారు జవాబు దాఖలు చేశారు. ఆఫీసులో కోర్టు కాగితాలు చూసే గుమాస్తా దాన్ని చీటీలమ్మకి చదివి వినిపించాడు.

"‘పన్నెండు మెమోలూ ఉద్యోగం ఆఖరి రోజునే రికార్డు గదికి అప్పగించాను. అందుకు రుజువుగా రికార్డు కీపరు ఎర్రగీత గీసి సంతకం చేసిన చీటీలు జతచేస్తున్నాను. ఆ తర్వాత అవి పత్రికకి ఎలా చేరాయో ఆ గది కాపలాదారునే అడగాలి’ అని రాశారమ్మా."

"ఇంకోసారి చదువు బాబూ," అంది ఆవిడ. వాడు చదివాడు. ఏదో ఒక చోట తప్పు చదివి ఉంటాడనుకుంది. వాడు రెండోసారీ అదే చదివాడు.

వారం తిరక్కుండా శాఖ నుంచి సంజాయిషీ నోటీసు వచ్చింది. ఇక ఆవిడ పరిస్థితి చూడండి. మెమోలు గదికి తిరిగొచ్చాయంటే, పత్రికకి అమ్ముకున్న దొంగ తనే. రాలేదంటే, దొంగ సంతకం పెట్టింది తనే. ఉద్యోగం ఇంకా మూడేళ్లుంది. అది ఊడితే పెన్షనుకి కూడా నీళ్లు వదులుకోవాలి. దర్జీ భర్తకి చూపు ఆనడం మానేసి రెండేళ్లయింది, సూదిలో దారం కూడా ఆవిడే ఎక్కించి ఇస్తోంది. ఇల్లు నడిచేది ఆ ఉద్యోగం మీదే.

అయినా ఆవిడకి ఆశ చావలేదు. సారుకి తెలిసి ఉండదు, లాయరు తన తెలివి చూపించి ఉంటాడు అనుకుంటూ ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్లింది. గేటు దగ్గర భర్తని నిలబెట్టింది. సారు ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టి టీ ఇప్పించారు.

"కంగారు పడకండమ్మా. మీరు చిన్న ఉద్యోగి, మిమ్మల్ని ఎవరేం చేస్తారు? తెలియదు అనండి చాలు. ఎవరో వచ్చి తీసుకెళ్లి ఉంటారు, మీరు చూసుకోలేదు."

"నా గదిలో నేను చూసుకోకపోవడం ఎప్పుడు జరిగింది సార్?"

"అబ్బ, అలా పట్టుపడితే ఎలా? మెమోలు అచ్చవకపోతే బీటకి సిమెంటు పూసి మళ్లీ తెరిచేసేవాళ్లు, ఎన్ని వేలమంది ఆ వంతెన మీద తిరిగేవాళ్లు! మనం వాళ్లని కాపాడాం. దాని కోసం ఈమాత్రం ఓర్చుకోలేరా?"

మనం అన్నారు. ఆ మాటకి ఒక్క క్షణం ఆవిడ మనసు కరిగింది కూడా. మళ్లీ తమాయించుకుని అడిగింది.

"అయితే సార్, కాపాడింది నేనే, పత్రికకి కాగితాలు ఇచ్చింది నేనే అని మీరే కోర్టులో చెప్పచ్చుగా?"

సారు టీలో చెంచా తిప్పారు. తిప్పుతూనే ఉన్నారు. బెల్లం కొట్టిన రాయిలా ఆయన అలా కూర్చుంటే, ఇక లేవడం తనవంతేనని ఆవిడకి అర్థమైంది.

దారిలో భర్త, "ఏమన్నాడు?" అని అడిగాడు. "నన్ను దొంగగా ఉండమన్నారు," అంది. ఇంకా గౌరవంగానే అంది, పిచ్చిది!

కోర్టులో ఆవిడ బోనెక్కిన రోజున, సారు తరఫు లాయరు తిట్టలేదు, బెదిరించలేదు. పొగిడాడు! ఏటేటా ఆవిడ పనితీరు మీద సారు రాసిన మాటలు తెచ్చి, జడ్జిగారికి తీరిగ్గా చదివి వినిపించాడు. ఈమె అబద్ధం రాయదు. ఈమె ఎర్రగీత గీసిందంటే కాగితం గదికి చేరినట్టే. శాఖలో ఇంత నమ్మకమైన మనిషి ఇంకొకరు లేరు.

"ఇవి మీ గురించేనా అమ్మా?"

"నా గురించే."

"నిజమేనా?"

తన గురించి సారు అంత మంచిగా రాశారని ఆవిడకి ఆ రోజు దాకా తెలియదు. తెలిసేసరికి ఆ మంచే ఉరితాడై మెడకి పడింది. ఆవిడ సారు వంక చూసింది. ఆయన కళ్లజోడు తీసి అద్దాలు తుడుచుకుంటున్నారు. ఒక్కసారి తలెత్తి చూసి ఉంటే, ఏమో, ఆవిడ తెలియదు అనే అనేసేదేమో! ఆయన తలెత్తలేదు.

"నిజం కాదు బాబూ. ఆ పన్నెండు గీతలూ అబద్ధం. కాగితాలు రాలేదు. సోమవారం పంపిస్తానని సారు చెబితే నమ్మి గీశాను."

"అంటే అప్పుడు రాసింది అబద్ధం, ఇప్పుడు చెప్పేది నిజం. అంతేనా?"

"అంతే."

"ఒకసారి అబద్ధం రాసిన మనిషిని ఇప్పుడెందుకు నమ్మాలి?"

ఆవిడకి దగ్గొచ్చింది. జడ్జిగారు మంచినీళ్లు ఇప్పించారు. కోర్టు గుమాస్తా ఆవిడ చెప్పినదంతా టైపు చేసి సంతకం పెట్టించుకున్నాడు.

కేసు ఇంకో నాలుగు నెలలు నడిచింది. వంతెన మీద విచారణ సంఘం ఒకటి వేసి, దానికి సారునే పెద్దని చేస్తారని ఊళ్లో మాట పుట్టింది. మాట పుట్టిన పది రోజులకే రెండు పక్షాలూ రాజీపడ్డాయి. ఒక మూసిన కవరు ఎవరు తెచ్చారన్నది రాయకుండానే కోర్టుకి చేరింది. అందులో పన్నెండు మెమోలూ ఉన్నాయి. ప్రభుత్వం కేసు వెనక్కి తీసుకుంది. తప్పు ఎవరిదీ కాదని రాసుకున్నారు, చేతులు కలుపుకున్నారు.

"మరి నా సంగతి?" అని చీటీలమ్మ ప్రభుత్వ లాయరుని అడిగింది.

"అది మీ శాఖ చూసుకుంటుందమ్మా. దీనికి సంబంధం లేదు," అని ఆయన చల్లగా జారుకున్నాడు.

కోర్టు వసారాలో సారు నలుగురైదుగురితో నవ్వుకుంటూ వస్తున్నారు. ఈవిడని చూసి ఆగారు. "అంతా మంచే జరిగిందమ్మా. దగ్గు ఎలా ఉంది?" అన్నారు.

"మీరు నన్ను మోసం చేశారు సార్." అందరికీ వినపడేలాగే అంది.

పక్కవాళ్లు తలలు తిప్పుకున్నారు. సారు నొచ్చుకున్నట్టు చూశారు.

"మోసమేమిటమ్మా? గీత గీయమని నేను అడిగాను, అంతే. గీసింది మీరు."

పదిమందిలో కడిగెయ్యాలని ఏడాదిగా మనసులో ఎన్ని మాటలు పేర్చుకుందో! ఒక్కటీ నోటికి రాలేదు. ఆయన అన్నది నిజమే మరి. గీసింది తనే.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఆవిడ దాన్ని భర్త కొట్టుకి తీసుకెళ్లింది. ఆయనకి చూపు ఆనదు కదా, మిషను పక్కన స్టూలు మీద కూర్చుని తనే చదివింది. కోర్టులో స్వయంగా ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం తప్పుడు రికార్డు సృష్టించినట్టు ఒప్పుకున్నందున ఉద్యోగం నుంచి తొలగించడమైనది. పెన్షనుకి అర్హత లేదు. మొత్తం వ్యవహారంలో శిక్ష పడింది ఒక్కరికి. నిజం చెప్పింది కూడా ఆ ఒక్కరే.

భర్త మిషను ఆపేశాడు.

"ఆ రోజు తెలియదు అని ఊరుకుని ఉంటే..." అని మొదలుపెట్టి, ఆవిడ చేతిలో కాగితం నలిగిన చప్పుడు విని ఆగిపోయాడు.

కోర్టులో ఏడవని మనిషి, వసారాలో ఏడవని మనిషి, అక్కడ కత్తిరింపు గుడ్డల మధ్య వెక్కివెక్కి ఏడ్చింది.

"ఉద్యోగం పోయిందని కాదయ్యా. మంత్రి మనిషిని నమ్మలేదు, పక్క బల్లవాళ్లని నమ్మలేదు, చీటీ లేకుండా ఎవర్నీ నమ్మలేదు. ఇన్నేళ్లలో నోటిమాట మీద నమ్మింది ఒక్కణ్ణే. ఆ ఒక్కడే నన్ను అమ్ముకున్నాడు!"

కొలతలివ్వడానికి వచ్చిన మనిషి ఒకడు గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూశాడు. భర్త లేచి వెళ్లి, ఇవాళ కొట్టు లేదని చెప్పి తలుపు మూశాడు.